మేనల్లుడికే పని నేర్పి ఇంటికి వెళ్లాలా?

ప్రశ్న: 1999లో వై2కే రోజుల్లో హెచ్‌1బీ వీసా మీద అమెరికా వచ్చాను. ఇప్పుడు సిటిజన్‌ని. న్యూజెర్సీలో ఉంటాం. వయసు 53. మా టీమ్ పనంతా కంపెనీ హైదరాబాద్ ఆఫీసుకు మారుస్తోంది. మూడు నెలలు కేటీ ఇస్తేనే, అంటే అక్కడివాళ్లకు మా పని నేర్పిస్తేనే, సెవరెన్స్ (ఉద్యోగం తీసేస్తూ ఇచ్చే డబ్బు) అన్నారు. కేటీ తీసుకునే నలుగురిలో మా అక్క కొడుకు ఒకడు. వాణ్ణి చూస్తే ఒళ్లు మండుతోంది. అక్క ఫోన్ చేస్తే నేను ఎత్తడం లేదు. నా భార్యకు ఇంకా చెప్పలేదు.

జవాబు: ఉద్యోగం పోవడం ఒక బాధ. ఏళ్ల తరబడి చేసిన పనిని మన చేత్తోనే అప్పగించి పొమ్మనడం ఇంకో బాధ. రెండోది అవమానం, దాన్ని చిన్నది చేసి మాట్లాడేవాళ్లను పట్టించుకోకండి. 2015లో ఫ్లోరిడాలో డిస్నీ సుమారు 250 మంది టెక్ ఉద్యోగులను తీసేసినప్పుడు, కొందరి చేత హెచ్‌1బీ మీద వచ్చినవాళ్లకు పని నేర్పించింది. వాళ్లను ఎక్కువ కుంగదీసింది కూడా ఈ నేర్పించడమే.

ఒక్కటి అడుగుతాను, నొచ్చుకోకండి. 1999లో మీ పక్క సీటు అమెరికన్ మిమ్మల్ని ఎలా చూసేవాడు? ఆ రోజు మీ తప్పెంతో, ఈ రోజు మీ మేనల్లుడి తప్పూ అంతే. జీతాల లెక్క వేసింది కంపెనీ. కోపం అక్కడ పెట్టుకోండి, నేను అడ్డు చెప్పను. కాల్‌లో ఆ పిల్లాడు మిమ్మల్ని ‘సర్’ అంటున్నాడో ‘మామయ్యా’ అంటున్నాడో మీరు రాయలేదు. ఏదన్నా, వాడికీ నోరు పెగులుతూ ఉండదు.

ఇవాళే మీ ఆవిడకు చెప్పండి. ఇది ధైర్యం కోసం మాత్రమే కాదు. ఉద్యోగం పోయాక కూడా కోబ్రా అనే చట్టం కింద కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ 18 నెలలు కొనసాగించవచ్చు గానీ ప్రీమియం మొత్తం మీరే కట్టాలి. అలాంటి లెక్క ఇద్దరూ కూర్చుని వేసుకోవాలి.

సెవరెన్స్ కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి. నలభై దాటినవాళ్లను గుంపుగా తీసేస్తూ వయసు వివక్ష కేసు వేసే హక్కు వదులుకోమంటే, ఆలోచించుకోవడానికి చట్టం 45 రోజులిస్తుంది. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. లాయర్‌కు ఒకసారి చూపించండి.

అక్కకు మాత్రం మీరే ఫోన్ చేసి చెప్పండి. కొడుకు నోట వింటే, ఆవిడ వాడి ఉద్యోగానికి సంతోషపడనూలేదు, తమ్ముడి కోసం ఏడవనూలేదు.