ప్యాన్‌కేకులు పొంగకపోతే ముందు చూడాల్సింది కలిపే పద్ధతి

మీ ప్యాన్‌కేకులు రెస్టారెంట్‌లోలా మెత్తగా పొంగడం లేదని, రబ్బరులా సాగుతున్నాయని అన్నారు కదండీ. పిండిని ఒక్క ఉండ కూడా లేకుండా బాగా గిలక్కొట్టానని రాశారు, చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కువ కలిపేకొద్దీ మైదాలో గ్లూటెన్ (పిండికి సాగే గుణాన్నిచ్చే ప్రొటీన్) బిగుస్తుంది, అందుకే రబ్బరులా అవుతాయి. పొడిపిండి కనబడకుండా పోగానే ఆపేయండి, చిన్న చిన్న ఉండలున్నా టెన్షన్ వద్దు. పాల బదులు చిక్కటి పుల్ల మజ్జిగ పోయండి. కప్పు మైదాకి 1 టీస్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ వంటసోడా చాలు. కలిపాక 10 నిమిషాలు కదపకండి.

మంట మధ్యస్థంగానే ఉంచండి. పైన బుడగలు పగిలి, ఆ చిల్లులు మళ్లీ పూడుకోకుండా నిలిచి, అంచులు తడారినట్టు కనిపించాకే తిప్పండి. తిప్పాక మాత్రం దయచేసి అట్లకాడతో నొక్కకండి, లోపలి గాలంతా పోతుంది!