ఇటలీ పల్లెల్లో ప్రశాంతమైన విడిది

ప్రశ్న: ఇటలీలో రోమ్, వెనిస్ వంటి నగరాల రద్దీకి దూరంగా, యాత్రికులు అంతగా వెళ్లని పల్లెప్రాంతంలో వారం రోజులు గడపాలనుకుంటున్నాము. ఎక్కడ ఉంటే బాగుంటుంది?

జవాబు: మధ్య ఇటలీలోని టస్కనీ ప్రాంతం అనగానే అందరూ ఫ్లోరెన్స్, సియెనాల మధ్య కొండలకే వెళతారు గనుక, అదే టస్కనీలో ఉత్తరాన, సెర్కియో నది లోయలో ఉన్న గర్ఫాన్యానాను ముందుగా పరిశీలించండి. చెస్ట్‌నట్ అడవులతో నిండిన ఆ లోయ గుండా లూకా నుంచి ఔల్లాకు చిన్న రైలు మార్గం ఉంది.

ఇంకా నిశ్శబ్దం కావాలంటే నా ఓటు దక్షిణ ఇటలీలోని మోలీసెకే. 1963లో పొరుగు ప్రాంతమైన అబ్రుజ్జో నుంచి విడిపోయిన ఈ ప్రాంతానికి విదేశీయులు చాలా అరుదుగా వస్తారు. సెపీనో ఊరి దగ్గర ఉన్న రోమన్ నగర శిథిలాల నడుమ నుంచే, కొండలకూ మైదానాలకూ మధ్య గొర్రెల మందలు వలస సాగించిన ప్రాచీన మార్గం వెళుతుంది. అక్కడి బొయానో ద్వారం మీద, కాపరులను వేధించవద్దని స్థానిక అధికారులను హెచ్చరించిన లాటిన్ శాసనాన్ని నేటికీ చూడవచ్చు. అంతటి చరిత్రను తోపులాట లేకుండా, తీరిగ్గా చూడగలగడం నిజంగా అదృష్టం.

బసకు హోటళ్ల కన్నా, రైతులే తమ పొలాల్లో నడిపే అగ్రితురిజ్మోలు మేలు. మోలీసెలో బస్సులు తక్కువ కాబట్టి కారు అద్దెకు తీసుకోవాలి. అందుకు మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. ఆగస్టు 15 పండుగ రోజుల్లో ఇటలీవారంతా సెలవులపై బయలుదేరతారు గనుక, మే నెలలో గానీ సెప్టెంబరులో గానీ వెళ్లండి.