పులిహోర కబుర్ల వెనుక దిగులు

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. మావారికి 34 ఏళ్లు. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో సేల్స్ చేస్తారు. అక్కడ ఆయన్ని ‘పులిహోర రాజా’ అంటారట. ఆడవాళ్లతో సరసంగా మాట్లాడతారు, రాత్రిళ్లు మెసేజ్‌లు పెడతారు. అవతలివాళ్లు చనువు చూపితే మాత్రం తప్పుకుంటారు. జవాబు రాకపోతే అన్నం కూడా సహించదు. చిన్నప్పుడు అన్నతో పోల్చి ‘నల్లోడా’ అని ఏడిపించేవారట. పెళ్లిచూపుల్లో “నిజంగా నచ్చానా?” అని నన్ను మూడుసార్లు అడిగారు. ఆయన గుణమే అంతా?

జవాబు: అమ్మా, దగ్గరయ్యే సమయానికి తప్పుకుంటున్నారన్నారు చూశారా, కీలకం అక్కడుంది. ఆయనకు కావలసింది ఆ మనుషులు కాదు, ‘నువ్వు బాగుంటావు’ అన్న మాట అయివుండాలి. ఇంకా దగ్గరైతే తనలో లోపం కనిపెట్టేస్తారని భయం. వాళ్లు మెచ్చింది తన కబుర్లనే గాని తనని కాదని లోపల తెలుసు కాబట్టి ఆ సంతోషం పూటైనా నిలవదు. మర్నాడు మరొకరు కావాలి. జవాబు ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడంతో అలవాటు ఇంకా ముదురుతుంది. కారణం తెలిసింది కదా అని మీరు బాధ దిగమింగుకోనక్కర్లేదు.

ఫోన్ తనిఖీ చేయకండి. దాచడం నేర్చుకుంటారు, తపన అలాగే ఉంటుంది. అత్తగారి ముందు నిలదీస్తే మళ్లీ ఆ ‘నల్లోడా’ రోజులే. జాలిపడి రోజంతా పొగిడినా పొరపాటే, మెప్పు కోసం ఆయన చూసే మనుషుల్లో మీరొకరవుతారు. రూపాన్ని కాక, చేసిన పనిని మెచ్చుకోండి.

ఆదివారం ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఇలా అనండి: “జవాబు రానప్పుడు మీరు పడే అవస్థ చూస్తున్నాను. కానీ ఆ మెసేజ్‌లు నాకు అవమానంగా ఉన్నాయి. షాపు పని మీద తప్ప ఇక పెట్టొద్దు.” అంతే, పాత లెక్కలన్నీ తీయకండి.

మెసేజ్ పెట్టాలనిపించినప్పుడు 20 నిమిషాలు ఆగి, చిన్న పుస్తకంలో టైము, అంతకుముందు ఏం జరిగింది, తపన పదిలో ఎంత అని రెండు వారాలపాటు రాసుకోమనండి. తపన ఎక్కువయ్యేది ఓనరు కసిరిన రోజో, అన్న ఫోన్ చేసిన రోజో బయటపడుతుంది. పని మొదలుపెట్టాల్సింది అక్కడే. మొదటి వారం చిరాకు పెరగవచ్చు. ఆ పుస్తకం మాత్రం మీరు తెరవకండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. షాపులో అమ్మాయిలు నవ్వారంటే ఇష్టపడ్డారని కాదు. కొలువు పోతుందని నవ్వేవాళ్లు ఎందరో. ఇష్టం లేని సరసపు మాట, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపే. చిన్నప్పటి గాయం దానికి సాకు కాదు.

నెలన్నరలో మార్పు లేకపోతే సైకాలజిస్టును కలవండి. తనమీద తనకున్న చిన్నచూపును కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో (ఆలోచనల తీరును, అలవాట్లను మాటల ద్వారా మార్చే చికిత్స) సరిచేయవచ్చు. ‘బతికి ఏం లాభం’ లాంటి మాట వస్తే మాత్రం ఆ రోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. సైకాలజిస్టు దగ్గరికి ఆయన రానంటే మీరొక్కరే వెళ్లి మాట్లాడండి, ఇన్నాళ్లూ ఇది ఒంటరిగా మోసింది మీరే కదా.