చవగ్గా కనిపించే టెలికాం షేరు కొనే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పెట్టుబడులు టెక్నాలజీ షేర్లను వదిలి నిలకడైన రాబడి ఉన్న రంగాల వైపు మళ్లుతున్నాయని, ఈ అదనులో టెలికాం షేర్లు కొనాలనుకుంటున్నానని రాశావు. ఇలా డబ్బు రంగం మారడం, అంటే సెక్టార్ రొటేషన్, ఒక షేరు వైపు చూడటానికి కారణం కావచ్చు గాని, కొనడానికి అదొక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం. నేడు వచ్చిన ఫండ్లు రేపు మరో రంగానికి తరలిపోతే, నీ చేతిలో మిగిలేది ఆ కంపెనీ వ్యాపారమే.

రంగాల సూచీలను చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2018 సెప్టెంబరులో సూచీలు తయారు చేసే ఎస్ అండ్ పీ, ఎంఎస్‌సీఐ సంస్థలు తమ వర్గీకరణలోని టెలికాం రంగాన్ని ‘కమ్యూనికేషన్ సర్వీసెస్’గా విస్తరించి, ఆల్ఫాబెట్, ఫేస్‌బుక్, నెట్‌ఫ్లిక్స్ వంటి కంపెనీలను అందులో చేర్చాయి. అందువల్ల ఆ సూచీ పెరిగినంత మాత్రాన టెలికాం కంపెనీల్లోకి డబ్బు వస్తోందని అనుకోవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రంగంలో పీఈ నిష్పత్తి (షేరు ధర, ఒక్కో షేరుకు వచ్చే లాభానికి ఎన్ని రెట్లో చెప్పేది) ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం, ఎందుకంటే కంపెనీ నెత్తిన ఉన్న అప్పు అందులో నేరుగా కనిపించదు. మార్కెట్ విలువకు (మొత్తం షేర్ల ధరకు) నికర అప్పును, అంటే చేతిలోని నగదు పోగా మిగిలే అప్పును, కలిపి చూస్తే చవక అనుకున్న షేరు చాలాసార్లు చవక కాదని తేలుతుంది. ఆ తరువాత నగదు ప్రవాహాల పట్టిక తీసుకుని, కాగితం మీద స్వయంగా లెక్క వేయి. ఉదాహరణకు ఆదాయం 100 అనుకుంటే, నిర్వహణ ఖర్చులు పోగా 35 మిగిలిందనుకో. అందులో నెట్‌వర్క్ మీద పెట్టుబడి 16, వడ్డీ 6, టవర్ల లీజు చెల్లింపులు 4, పన్ను 3 తీసేస్తే చేతికొచ్చేది 6. ఆ కంపెనీ 8 డివిడెండుగా వాటాదారులకు పంచుతుంటే, తక్కిన 2 అప్పు చేసి తెచ్చినదో, ఆస్తి అమ్మి తెచ్చినదో, పాత నిల్వలోంచి తీసినదో అయి ఉంటుంది. లాభనష్టాల పట్టిక మాత్రమే చూసేవారికి ఈ లోటు కనబడదు.

పై లెక్కలో స్పెక్ట్రమ్ (మొబైల్ సంకేతాలకు ప్రభుత్వం దగ్గర కొనే రేడియో తరంగాల హక్కు) ఖర్చును నేను కావాలనే చేర్చలేదు. అది ఏటా రాదు, వచ్చినప్పుడు మాత్రం కొన్నేళ్ల మిగులును ఒక్కసారిగా మింగేస్తుంది. 2000లో జరిగిన 3జీ వేలంలో బ్రిటన్‌లో దాదాపు 2,250 కోట్ల పౌండ్లు, జర్మనీలో సుమారు 5,000 కోట్ల యూరోలు పోసిన కంపెనీల్లో కొన్ని ఆ అప్పుల కింద ఏళ్ల తరబడి నలిగాయి. కాబట్టి గత పదేళ్లలో స్పెక్ట్రమ్‌కు కట్టిన మొత్తాన్ని పదితో భాగించి, దాన్ని ఏటా వచ్చే ఖర్చుగానే భావించు.

డివిడెండు శాతం, అంటే షేరు ధరలో డివిడెండు వంతు, ఎక్కువగా ఉందంటే మార్కెట్ దాని మీద అనుమానపడుతోందని ముందు అనుకో. వోడాఫోన్ 2019లో డివిడెండును సుమారు 40 శాతం తగ్గించింది. ఏటీ అండ్ టీ 2022లో వార్షిక డివిడెండును షేరుకు 2.08 డాలర్ల నుంచి 1.11 డాలర్లకు దించింది. పాత శాతాన్ని చూసి కొన్నవారికి రాబడి తగ్గింది.

వడ్డీ రేట్ల సంగతి నీకు తెలిసిందే. అవి పెరిగితే అప్పు భారమవుతుంది, డివిడెండు ఆకర్షణా తగ్గుతుంది. అయితే అంతకన్నా పోటీ తీరును ఎక్కువగా గమనించమంటాను. మార్కెట్లో ఎన్ని కంపెనీలు మిగిలాయి, ధరల యుద్ధం ముగిసిందా, ఒక్కో చందాదారు నుంచి వచ్చే సగటు ఆదాయం పెరుగుతోందా, ధర పెంచినా చందాదారులు నిలుస్తున్నారా అన్నవి వరుసగా కొన్ని త్రైమాసికాల పాటు చూడు. నెట్‌వర్క్ నిర్మాణం చాలావరకు పూర్తై, పెట్టుబడి ఖర్చు తగ్గుముఖం పట్టి, అదే సమయంలో ధరలు నిలదొక్కుకుంటున్న కంపెనీ దొరికితే, ఈ రంగంలో నిజమైన విలువ అక్కడే ఉంటుంది.

అటువంటిది దొరికాక కూడా ఒకేసారి కొనవద్దు. ప్రతి త్రైమాసిక ఫలితాల తరువాత పై లెక్కను మళ్లీ వేసి, మిగులు పెరిగి అప్పు తగ్గుతుంటేనే మరికొంత కొను. రెండూ తిరగబడితే, షేరు ధర ఎంత పెరుగుతున్నా అమ్మేయి.

ఆశీస్సులతో,
మామయ్య