పోసిన నీళ్లు తిరిగి రావాలి

చిరంజీవి రాజుకు మామయ్య ఆశీస్సులు.

విజయవాడలో సోఫా క్లీనింగ్ పని మొదలుపెడుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. మిషన్ ఏది కొనాలో కనుక్కోమన్నావట. నాకు తెలిసినంత చెబుతాను.

షాపువాళ్లు ముందు మోటారు ఎన్ని వాట్లో చెబుతారు. అది ఎంత కరెంటు లాగుతుందో చెప్పే లెక్క, నీళ్లు ఎంత పీలుస్తుందో చెప్పే లెక్క కాదు. నువ్వు వాటర్ లిఫ్ట్ ఎంతో అడుగు, అంటే మోటారు నీళ్లను ఎంత ఎత్తుకు లాగగలదో చెప్పే లెక్క. నువ్వు డబ్బు పెట్టాల్సింది నీళ్లు పీల్చే మోటారు మీద, షాంపూల మీద కాదు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక వానాకాలం కూకట్‌పల్లిలో సోఫా సెట్టు కడిగాను. అప్పుడు నా దగ్గర ఉన్నది ఒక బ్రష్షు, ఒక పాత వాక్యూమ్. నురగ బాగా తెప్పించి రుద్దాను, తళతళలాడింది. మూడో రోజు ఆ ఇంటావిడ ఫోన్ చేసింది, కూర్చుంటే చీర తడుస్తోందని, ముక్కిపోయిన వాసన వస్తోందని. వెళ్లి కుషన్ జిప్పు తీసి స్పాంజి పిండితే నా వేళ్ల మధ్య నుంచి నురగ నీళ్లు కారాయి. కొత్త స్పాంజి నా ఖర్చుతో వేయించాను.

అందుకే ఎక్స్‌ట్రాక్షన్ మిషనే తీసుకో. ఒకే నాజిల్ నీళ్లు చల్లుతుంది, వెంటనే పీలుస్తుంది. సోఫాకు చిన్న చేతి నాజిల్ చాలు, కానీ లోపలికి కనిపించేలా అద్దంలాంటిది ఉండాలి. నల్లటి నీళ్లు పోతుంటే కనిపిస్తాయి, తేటబడగానే ఆపేయొచ్చు. నీళ్లు వదులుతూ ఒకసారి లాగితే, ట్రిగ్గర్ వదిలేసి మూడుసార్లు పొడిగా లాగు. కార్పెట్‌కు పెట్టే ప్రెషర్ సోఫాకు పెట్టకు, నీళ్లు స్పాంజి అడుక్కి దిగిపోతాయి. వీటన్నిటికంటే ముందు పొడి వాక్యూమ్ కొట్టాలి. దుమ్ము మీద నీళ్లు పడితే బురదే.

కుషన్ కింద ట్యాగ్ చూడు. డబ్ల్యు అని ఉంటే నీళ్లు వాడొచ్చు, ఎస్ అంటే సాల్వెంట్, అంటే నీళ్లు లేని డ్రై క్లీనింగ్ ద్రవం మాత్రమే, ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఏమీ వద్దు. మన దగ్గర ఇంటికొచ్చి చేసిచ్చే సోఫాలకు ట్యాగే ఉండదు. అప్పుడు తెల్లగుడ్డకు కాస్త షాంపూ నీళ్లు అద్ది, వెనక కింది అంచున నిమిషంసేపు నొక్కిపట్టు. రంగు దిగితే పని ఒప్పుకోకు. కాటన్, జనపనార తడి ఎక్కువైతే కుంచించుకుపోతాయి, ఆరాక గోధుమరంగు మచ్చలు తేలతాయి. వెల్వెట్‌కు గట్టి బ్రష్షు తగలనివ్వకు.

పసుపు మరకల దగ్గర చాలా జాగ్రత్త. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, క్షారం ఉన్న షాంపూ తగిలినా అంతే, ఎర్రగా తిరుగుతుంది. ఇంటివాళ్లు హడలిపోతారు. ముందే చెప్పి మొదలుపెట్టు. తెల్ల వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే మళ్లీ పసుపురంగుకు వస్తుంది, మిగిలింది ఎండకు వెలుస్తుంది. రక్తం, పాల మరకలకు చన్నీళ్లే వాడు, వేడి తగిలితే అతుక్కుపోతాయి.

కొనే రోజు ఒక పాత కుషన్ షాపుకు పట్టుకెళ్లు. తూకం వేసి, లీటరు నీళ్లు పోసి, వాళ్ల మిషన్‌తోనే పీల్చమను. మళ్లీ తూకం వెయ్యి. ఎంత బరువు మిగిలిందో నాకు ఫోన్ చేసి చెప్పు, ఆ తర్వాతే డబ్బు కట్టు.

మీ మామయ్య