అత్తగారి భయం, ఆగిపోయిన పరీక్షలు

ప్రశ్న (2021 జులైలో వచ్చింది): మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. తొలిచూలు, ఏడో నెల వచ్చింది. ఏప్రిల్‌లో చూపించుకున్నప్పుడు రక్తం తొమ్మిదే ఉందని మాత్రలు ఇచ్చారు. అవి అయిపోయి నెల దాటింది. మే నెలలో మా అత్తగారి అన్నయ్య కరోనాతో ఆసుపత్రిలో చేరి, మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటి నుంచి ఆవిడ నన్ను గడప దాటనివ్వడం లేదు. కూరగాయలను కూడా పసుపు నీళ్ళలో కడిగి ఎండలో ఆరబెట్టాకే ఇంట్లోకి తెస్తున్నారు. ఐదో నెల స్కాన్ తీయించలేదు. మావారు హైదరాబాద్‌లో ఉంటారు. ఫోన్ చేస్తే ‘అమ్మ చెప్పినట్టు విను’ అంటారు. బొబ్బిలి నుంచి మా అమ్మ వచ్చి తీసుకువెళతానంటే, పంపేది లేదని గొడవ. కాళ్ళు వాస్తున్నాయి. ఆసుపత్రికి వెళితే కరోనా అంటుకుంటుందేమోనని నాకూ భయమే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది అత్తగారితో గొడవ కాదు, కాళ్ళ వాపు. ఈ నెలల్లో పాదాలు వాయడం చాలామందికి ఉండేదే. అయితే అది మామూలు వాపో, రక్తపోటు పెరగడం వల్ల వచ్చిన వాపో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. బీపీ కొలవాలి, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూడాలి. గర్భిణికి బీపీ పెరిగినా చాలాసార్లు ఒంట్లో ఏ తేడా తెలియదు, అందుకే అది అంత ప్రమాదకరం. కరోనాకు భయపడి ఇంట్లో కూర్చున్నంత మాత్రాన ఈ ప్రమాదం ఆగదు.

కాబట్టి రేపు పొద్దున్నే ఆశా కార్యకర్తకు ఫోన్ చేయండి. మీ గ్రామ సచివాలయం ఏఎన్ఎంను (ఊళ్ళో గర్భిణులను చూసే నర్సమ్మను) ఒకసారి ఇంటికి తీసుకురమ్మనండి. వీధి అరుగు మీద, మాస్కులు పెట్టుకుని, బీపీ చూడడానికి ఐదు నిమిషాలు చాలు. మూత్ర పరీక్ష, రక్త పరీక్ష ఎక్కడ చేయించాలో ఆవిడే చెబుతారు. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 ఉండాలి. 9 ఉన్న మనిషి నెలకు పైగా మాత్రలు మానేయడం మంచిది కాదు. ఐరన్ మాత్రను టీతోగానీ పాలతోగానీ వేసుకోకండి, కాల్షియం మాత్రతో కలిపీ వేసుకోకండి. చోడి (రాగి) అంబలి, మునగాకు, బెల్లం అన్నీ మంచివే, మానక్కర్లేదు. కానీ 9 నుంచి 11కు తీసుకురావడం వాటి వల్లే అయ్యే పని కాదు.

ఇంటి దగ్గర బీపీ చూపించుకున్నంత మాత్రాన డాక్టరు దగ్గరకు వెళ్ళే పని తప్పదు. ఫోన్‌లో సలహా ఇచ్చే డాక్టరు మీ బిడ్డ గుండె చప్పుడు వినలేరు, పొట్ట ఎదుగుదల కొలవలేరు. గర్భిణులకు చక్కెర పరీక్ష చేసే సమయం 24 నుంచి 28 వారాల మధ్య, అంటే సరిగ్గా ఇప్పుడే. ఐదో నెల స్కాన్ సమయం దాటిపోయింది, దాని గురించి రాత్రులు ఏడుస్తూ గడపకండి. ఇప్పుడు స్కాన్ తీసినా బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు, మాయ ఎక్కడుందన్నది తెలుస్తాయి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు చేస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఈ జులై 9 దాటిపోయింది. ఆగస్టు 9 దాకా ఆగవద్దు, ఈ వారమే వెళ్ళండి.

మీ భయం అర్థం లేనిది కాదు. గర్భిణికి కరోనా వస్తే, అదే వయసున్న మిగతా ఆడవాళ్ళ కన్నా జబ్బు ముదిరే అవకాశం ఎక్కువే. అందుకని వెళ్ళడం మానకూడదు, ఎలా వెళ్ళాలో చూసుకోవాలి. తెలిసినవాళ్ళ ఆటో మాట్లాడుకోండి, రెండు వైపులా గాలి ఆడుతుంది. ఏ వేళప్పుడు రద్దీ తక్కువో ముందే ఫోన్‌లో కనుక్కోండి. పేరు పిలిచేదాకా ఆవరణలో చెట్టు కిందే కూర్చోండి. మాస్కు ముక్కు మీద నుంచి జారకూడదు, నీళ్ళ సీసా ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. ఈ నెల 2న (2021 జులై 2న) కేంద్ర ఆరోగ్యశాఖ గర్భిణులు కూడా కరోనా టీకా వేయించుకోవచ్చని చెప్పింది. డాక్టరును కలిసినప్పుడే దాని సంగతి మాట్లాడి, వాయిదా వేయకుండా వేయించుకోండి.

ఇక మీ అత్తగారు. తోడబుట్టినవాడు ఆసుపత్రి గుమ్మం ఎక్కి మళ్ళీ దిగలేదు. రెండు నెలలే అయింది. కూరగాయలను పసుపు నీళ్ళలో కడిగే మనిషికి మీ మీద కక్ష ఉందని నేను అనుకోను. మీరూ, మీ కడుపులో బిడ్డా కూడా అలా పోతారేమోనని ఆవిడ వణికిపోతున్నారు. ఆవిడతో వాదించకండి. ‘అత్తయ్యా, నాకూ భయంగానే ఉంది, ఒక్కదాన్నే వెళ్ళలేను, మీరు తోడు రండి’ అని అడగండి. ఈ కరోనా రోజుల్లో చాలా ఆసుపత్రుల్లో గర్భిణి వెంట ఒక్కరినే లోపలికి రానిస్తున్నారు. ఆ ఒక్కరు మీ అమ్మే కావాలని మీకు ఉంటుంది. అయినా ఈసారికి అత్తగారినే తీసుకువెళ్ళమంటాను. బీపీ ఎంతుందో, రక్తం ఎంతుందో డాక్టరు నోటి నుంచి ఆవిడే వినాలి. మనవడో మనవరాలో, ఆ గుండె చప్పుడు ఆవిడ చెవిన పడాలి. నలభై అయిదేళ్ళు దాటినవారికి ఈ 2021 ఏప్రిల్ నుంచే కరోనా టీకా ఇస్తున్నారు, ఆవిడ వేయించుకోకపోతే అదీ ఈ వారంలోనే కానివ్వండి.

మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి. బాబూ, ‘అమ్మ చెప్పినట్టు విను’ అనేసి మీరు పక్కకు తప్పుకుంటే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య భారం మొత్తం కడుపుతో ఉన్న అమ్మాయి మీద పడుతోంది. మీ అమ్మగారికి మీరే ఫోన్ చేయండి. ముందు మేనమామ గురించి మాట్లాడండి, ఆవిడను ఏడవనివ్వండి. తరువాత ‘నువ్వు దగ్గరుండి చూపించు అమ్మా, ఆటో నేను మాట్లాడతాను’ అని చెప్పండి. కొడుకు అడిగితే ఆవిడ కాదనడం కష్టం.

తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖమూ చేతులూ వాయడం, పొట్ట పై భాగంలో నొప్పి, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, పగలైనా రాత్రైనా, ఇంట్లో ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయండి. పెద్ద ఆసుపత్రికి పంపుతామంటే విజయనగరం ఘోషాసుపత్రికైనా వెనకాడకండి. 28 వారాలు నిండాక రోజూ భోజనం చేసి ఎడమ పక్కకు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోతే తెల్లవారేదాకా చూడవద్దు.

పుట్టింటి సంగతి పరీక్షలు అయ్యాకే. ఎనిమిదో నెలలో కదిలించరు కాబట్టి ఇప్పుడే తీసుకువెళ్ళాలని మీ అమ్మగారి తొందర. బీపీ, రక్తం చూసిన డాక్టరు సరేనంటే బస్సులో కాకుండా విడిగా బండి మాట్లాడుకుని వెళ్ళవచ్చు. ఇప్పుడు వద్దంటే, మీ అమ్మగారినే టీకా వేయించుకుని పది రోజులు మీ దగ్గర ఉండి వెళ్ళమనండి. ఎక్కడ ఉన్నా తల్లీబిడ్డల కార్డు, పాత రిపోర్టులు, మందుల చీటీలు ఒకే సంచిలో మీ దగ్గరే ఉంచుకోండి. బొబ్బిలిలో చూసే డాక్టరు మొదట అడిగేవి అవే.