ఎండాకాలంలోనే వడగళ్లు ఎందుకు పడతాయి?

చలికాలంలో కాకుండా మార్చి నుంచి మే దాకా వడగళ్లు ఎక్కువగా పడటానికి కారణం ఆ ఎండే.

నేల కాగితే దాని మీది గాలి తేలికై పైకి తన్నుకొస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ తోడైతే క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు 10 కిలోమీటర్ల ఎత్తు దాటి పెరుగుతాయి. కింద 40 డిగ్రీలున్నా, సుమారు 5 కిలోమీటర్ల పైన గడ్డకట్టే చలే. సున్నా కంటే చల్లబడినా ఇంకా నీరుగానే ఉన్న బొట్లు అక్కడ మంచు పలుకులకు తగలగానే అంటుకుని గడ్డకడతాయి. పైకి లేచే గాలి మోయగలిగినంతసేపు ఆ గడ్డ పెరుగుతుంది, మోయలేనప్పుడు రాలుతుంది. పెద్ద వడగల్లును సగానికి కోస్తే ఉల్లిపాయలో లాగా ఒక పొర తెల్లగా, ఒక పొర గాజులా కనిపించేది అందుకే. ఆ మేఘంలోనే మంచు పలుకులు ఒకదానికొకటి తగిలి విద్యుదావేశం పుడుతుంది కాబట్టి పిడుగులూ వెంటే ఉంటాయి.

2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లగా పరుచుకున్నది ఇలాంటి వానకే. చూసినవాళ్లు కశ్మీర్ అన్నారు గానీ, అది హిమపాతం కాదు.

వాన చినుకులే కిందికి వస్తూ దారిలో గడ్డకడతాయని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులుగా: గడ్డ తయారయ్యేది పైనే, దారిలో వేడిగాలికి కరుగుతుంది. చిన్నవైతే నేల చేరేలోపే చినుకులైపోతాయి.